వరిమడిలో గులాబీ గ్రుడ్లు
(గ్రామ పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



వరిపైరుకు కీడు చేయువాటి పేర్లు చెప్పుమనిన మీరు కాండము తొలుచు పురుగు, దోమ, ఎలుక, అగ్గితెగులు అని వరుసగా చెప్పగలరు. ఆ వరుసలో నత్తను చేర్చు రైతు మన డెల్టాలలో అరుదు. మన మడులలోని నత్తగుల్ల చెప్పుకోదగిన అపకారము చేయదు. అది కొంగలకు ఆహారము. కొన్ని ఇండ్లలో కూర. కాని ఫిలిప్పీన్సు ద్వీపములలో వరి పండించు రైతును ఇదే ప్రశ్న అడిగినచో, అతడు నత్త పేరును ముందు వరుసలోనే చెప్పును. నాటిన రాత్రి నిలిచి ఉన్న నారు తెల్లవారుసరికి నీటిపై తేలియాడుట అతడు కన్నులార చూచినాడు.

ఆ నత్తను గురించి నేడు మీతో ముచ్చటింపదలచినాము. ఇది పరదేశపు జంతువు. ఐనను దీని కథ నడచినది వరిమడిలో, పంట బోదెలో, తూము దగ్గర. కావున మీకు క్రొత్తగా పరిచయము చేయవలసినది నత్త ఒక్కటియే, తక్కినదంతయు మీరెరిగినదే.

దీనిని గోల్డెన్ ఆపిల్ స్నెయిల్ అందురు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు పొమేసియా కెనాలిక్యులాటా. పుట్టినిల్లు దక్షిణ అమెరికా. అర్జెంటీనా, ఉరుగ్వే, పరాగ్వే దేశములలోను, దక్షిణ బ్రెజిల్‌లోను గల నదీతీరపు చిత్తడి నేలలు. అక్కడ దీనిని ఏరుకొని తిను పక్షులు కలవు. వాటిలో ఒక గ్రద్దకు ఈ జాతి నత్తలే ముఖ్యాహారము. శత్రువులు, వరదలు, చలికాలము కలిసి దానిని అదుపులో ఉంచుచు వచ్చినవి.

అటువంటి నత్త ఆసియాకు తనంత తాను రాలేదు. 1979–80 ప్రాంతమున కొందరు వ్యాపారులు దానిని అర్జెంటీనా నుండి తైవాన్‌కు తెచ్చినారు. ఆలోచన మంచిదే. త్వరగా పెరుగును, ఆకు అలము తిని బ్రతుకును, మాంసకృత్తులు కలది, పెరటి తొట్టెలో పెంచుకొనవచ్చును. పేదకుటుంబమునకు ఆహారమును, ఎగుమతి వలన నాలుగు రాళ్లును దొరకునని ఆశించినారు. 1981లో జపాన్‌కును, చైనాకును, ఆ వెనువెంటనే ఫిలిప్పీన్సుకును అది చేరినది. ఫిలిప్పీన్సులో ప్రభుత్వ శాఖలే గ్రామీణ జీవనోపాధి క్రింద దీని పెంపకమును ప్రోత్సహించినవి. ప్రభుత్వ పక్షమున గ్రామములకు మాటలు చెప్పు మావంటివారు ఈ ఒక్క సంగతిని మరువరాదని మా అభిప్రాయము.

వ్యాపారము సాగలేదు. మాంసపు రుచి జనులకు నచ్చలేదు. ఎగుమతికి ఆరోగ్య నిబంధనలు అడ్డు వచ్చినవి. ధర పడిపోగానే పెంపకందారులు తొట్టెలను బోదెలలోనికి కుమ్మరించి చేతులు దులుపుకొన్నారు. కొన్ని తొట్టెల నుండి నత్తలు తామే ప్రాకి వెడలినవి. 1984లో జపాన్ ప్రభుత్వము దీనిని పైరుకు శత్రువుగా ప్రకటించి దిగుమతిని నిషేధించునాటికి అది అప్పటికే పొలములలో ఉన్నది. ఫిలిప్పీన్సులో 1986లో కొన్ని వందల హెక్టార్లలో కనబడిన ఈ పీడ ఆ దశాబ్ది చివరకు నాలుగు లక్షల హెక్టార్లకు పైగా వ్యాపించినది. వియత్నాంలో 1988లో ప్రవేశించినది. 2009లో స్పెయిన్ దేశపు ఎబ్రో నదీ డెల్టాలో దీని దగ్గరి చుట్టము బయటపడగా, 2012లో ఐరోపా సమాఖ్య ఈ తెగ నత్తలన్నిటిని నిషేధించినది. 2020లో ఆఫ్రికాలో, కెన్యా దేశపు మ్వేయా వరి ఆయకట్టులో కనబడినది. మనకు గుర్రపుడెక్క వచ్చిన తీరు జ్ఞాపకము చేసికొనుడు. అదియు దక్షిణ అమెరికాదే. పువ్వు అందముగా ఉన్నదని తెచ్చినదే.

ఇక ఒక నత్త ఇన్ని దేశములను ఎట్లు గెలిచినదో చూతము. దాని శరీర నిర్మాణమును తెలిసికొననిదే దానిని పట్టుకొను ఉపాయము తోచదు. అందుచేత ఈ భాగమును కొంచెము విపులముగా చెప్పుచున్నాము.

మొదటిది, దాని ఊపిరి. చేపకు మొప్పలు, మనకు ఊపిరితిత్తులు. ఈ నత్తకు రెండును కలవు. నీరు మంచిదైనచో మొప్పతో శ్వాసించును. నీరు కుళ్లి ప్రాణవాయువు తగ్గినచో, శరీరము నీటిలోనే ఉంచుకొని, ఒక పొడవైన మెత్తని గొట్టమును నీటిపైకి చాచి, గాలిని పీల్చి ఊపిరితిత్తిని నింపుకొనును. చేపలు చచ్చు మురుగు కాలువలో సైతము ఇది హాయిగా బ్రతుకుటకు కారణమిదియే. గాలి నింపుకొన్న నత్త తేలికపడి ప్రవాహముతో కొట్టుకొనిపోగలదు. ఎవరైన సమీపించినచో మూత బిగించి రాయివలె అడుగునకు జారిపోవును.

రెండవది, దాని నిద్ర. మడి ఎండిపోయినపుడు నత్త బురదలోనికి దిగి, మూత వేసికొని పడియుండును. ఆరు మాసములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, తిండి నీరు లేక అట్లే ఉండగలదు. వేసవిలో నెర్రెలు విచ్చిన పొలమును చూచి పీడ తొలగినదని రైతు అనుకొనును. తొలకరికి నీరు పెట్టి దమ్ము చేయగానే నత్తలు మేల్కొనును. అప్పుడు వాటికి ఆకలి మెండు. పొలములో ఉన్నదేమో లేత నారు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, దాని గ్రుడ్లు. నత్తలలో పెక్కింటికి ఆడ, మగ రెండును ఒకే దేహములో ఉండును. దీనికి అట్లు కాదు. ఆడది వేరు, మగది వేరు. కాని ఆడనత్త ఒకసారి జతకూడిన పిమ్మట మగనత్త బీజమును కొన్ని మాసములు తనలో దాచుకొనగలదు. కావున ఒకే ఒక ఆడనత్త కొట్టుకొనివచ్చి మీ బోదెలో పడినను చాలును. అది రాత్రివేళ నీటినుండి పైకి ప్రాకి, జెనగ పైనో, తూము గోడపైనో, వరి కాండము పైనో, నీటిమట్టమునకు ఎగువన గ్రుడ్లు పెట్టును. నీటి జంతువయ్యు గ్రుడ్లను మాత్రము గాలిలో పెట్టును. రెండు మూడు వందల గ్రుడ్లు ఒక గుత్తిగా అంటుకొని ఉండును. ఇంకను పెద్ద గుత్తులును కలవు. రంగు నిగనిగలాడు గులాబీ. దూరమునుండి చూచినవారు ఎవరో పిల్లలు మిఠాయి ముద్దను కర్రకు అంటించినారని భ్రమపడుదురు.

దాచుకొనవలసిన గ్రుడ్లకు ఇంత కొట్టవచ్చు రంగు ఏల? అర్జెంటీనా శాస్త్రజ్ఞులు ఈ గ్రుడ్లను పరీక్షించి, అందులో నాడీమండలమునకు హానిచేయు విషమును, తిన్నవారికి జీర్ణము కానీయని వేరొక పదార్థమును కనుగొన్నారు. ఆ గులాబీ రంగు పక్షులకును, ఎలుకలకును హెచ్చరిక వంటిది. నిప్పుచీమ ఒక్కటి తప్ప ఈ గ్రుడ్లను తిను ప్రాణి కనబడుట మిక్కిలి అరుదు. పది పదిహేను దినములలో గ్రుడ్లు తెలుపెక్కి పగిలి, పిల్లలు నీటిలోనికి రాలును. రెండు మూడు మాసములలో అవియు గ్రుడ్లు పెట్టు వయస్సుకు వచ్చును.

ఒక చిన్న లెక్క వేయుదము. ఒక ఆడనత్త వారమునకు ఒక గుత్తి చొప్పున పది వారములు గ్రుడ్లు పెట్టినదనుకొనుడు. గుత్తికి రెండు వందలైన మొత్తము రెండు వేలు. ఇరువదింట ఒక్కటి మాత్రమే బ్రతికినదనుకొన్నను నూరు నత్తలు. అందు సగము ఆడవి. ఆ ఏబదియు తల్లివలెనే చేసినచో, ఏడాది తిరుగకముందే ఐదు వేలు. ఇది మేము కాగితముపై వేసిన లెక్కయే. పొలములో చావులు ఎక్కువ తక్కువలుండును. మొదటి గుత్తిని చిదుముటకును, మూడవ మాసమున మేల్కొనుటకును గల తేడా తెలియుటకు ఈ లెక్క చాలును.

ఈ నత్త నాలుక ఆకురాయి వంటిది. మెత్తనిది ఏదైనను గీకి తినును. వరి కాండము ముదిరిన తరువాత దానిని కొరుకలేదు. అందుచేత పైరుకు ప్రమాదకాలము మిక్కిలి కొద్ది: నాట్లు వేసిన పొలములో మొదటి పదిహేను దినములు, వెదజల్లిన పొలములో సుమారు ముప్పది దినములు. ఆ కొద్ది కాలములోనే, పట్టించుకొనువారు లేకున్నచో, చదరపు మీటరు నారును ఒక్క రాత్రిలో ఊడ్చిపెట్టగలదు. మొక్క మొదలును నీటి అడుగున కొరుకును, పైభాగము తేలిపోవును. కూలి ఖర్చు తగ్గునని వెదజల్లు పద్ధతికి మరలిన రైతుకు, నత్త ఉన్న చోట, ప్రమాదకాలము రెట్టింపగును. ఈ మాటను బట్టి వెదజల్లుట తప్పని మేము అనుట లేదు.

ఫిలిప్పీన్సులోని లాస్ బానోస్‌లో అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ కలదు. 1966లో ఐ.ఆర్.8 వంగడమును విడుదల చేసిన సంస్థ అదియే కావున మన డెల్టా రైతులకు ఆ పేరు పరాయిది కాదు. ఆ సంస్థ రైతులకు చెప్పు ఉపాయములన్నియు పైన చెప్పిన స్వభావములను ఆధారము చేసికొన్నవే. నత్త నడచుటకు నీరు కావలెను. కావున ప్రమాదకాలములో మడిలో నీటిని రెండు సెంటీమీటర్లకు మించనీయరు, అప్పుడప్పుడు పూర్తిగా తీసివేయుదురు. మడిలో బరువుపెట్టిన గోనెసంచిని లాగి, జానెడు వెడల్పు, మూడు వ్రేళ్ల లోతుగల సన్నని కాలువలను చేయుదురు. నీరు తీయగానే నత్తలు ఆ కాలువలలోనికి చేరును. అక్కడ ఏరుట సులభము. బొప్పాయి ఆకులను, కర్రపెండలము ఆకులను అక్కడక్కడ వేసినచో వాటికి మూగును. ఉదయమును, సాయంకాలమును అవి చురుకుగా తిరుగును కావున ఏరుటకు ఆ వేళలు తగినవి. లేత నారు నాటుటకు మారుగా ఇరువదియైదు, ముప్పది దినముల ముదురు నారు నాటుదురు. మడి అంచున వెదురు పుల్లలు పాతుదురు; ఆడనత్తలు వాటిపైకి ఎక్కి గ్రుడ్లు పెట్టగా, గుత్తులను తీసి చిదిమివేయుదురు. లేత గ్రుడ్లు నీటిలో మునిగినచో సాధారణముగా చెడిపోవును. ముదిరినవాటిని నమ్మరాదు, చిదుముటయే మేలు.

బాతుల విషయము మీకు ప్రత్యేకముగా చెప్పనక్కరలేదు. కోతలైన పొలములలోనికి బాతుల మందలను తోలుట మన డెల్టాలలో పాత అలవాటు. నత్తలున్న దేశములలో పంటకు ముందును, పైరు ముప్పది ముప్పదియైదు దినముల వయస్సు దాటిన తరువాతను బాతులను వదలుదురు. అంతకు ముందు వదలినచో నత్త చేయు పనిని బాతు చేయును.

మందుల సంగతి వేరు. 1980 తరువాతి సంవత్సరములలో ఫిలిప్పీన్సు రైతులు భయముచేత చేతికి దొరికిన విషమునెల్ల మడులలో పోసినారు. తగరముతో కూడిన ఒక జాతి మందులు చర్మమునకు, కన్నులకు బాధ కలిగించుటచేత ఆ తరువాత నిషేధింపబడినవి. నేడు వాడుకలో ఉన్న నిక్లోసమైడ్ నత్తలతోపాటు చేపలను చంపును; మెటాల్డిహైడ్ ఎర కుక్కలకును పశువులకును ప్రాణాంతకము. వరిమడి నీరు చివరకు మురుగు కాలువలోనికి, అక్కడనుండి ఎవరిదో ఒకరి చేపల చెరువులోనికి పోవుచుండగా ఈ మందులను తొలి ఆయుధముగా తలచుట మాకు సమ్మతము కాదు. స్పెయిన్‌లో పొలములకు సముద్రపు నీరు పెట్టి నత్తలను చంపినారు. చౌడు నేలల బాధ ఎరిగిన మన తీరప్రాంతపు రైతుకు ఆ వైద్యము రుచించునని మేము అనుకొనము.

నష్టము పొలముతో ఆగదు. 2004లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, థాయిలాండు చిత్తడి నేలలలో ఈ నత్త ఎక్కువగా ఉన్న చోట్ల నీటి మొక్కలు దాదాపు లేకుండపోయినట్లు తేలినది. మొక్కలు పీల్చుకొనవలసిన ఎరువు సత్తువ నీటిలోనే మిగిలి, నాచు పెరిగి, తేటగా ఉండవలసిన నీరు పచ్చబారినది. చేపపిల్లలు దాగుకొను చోటు, పక్షులు గూడు కట్టు జమ్ము, పశువులు త్రాగు నీరు అన్నియు ఆ మొక్కలతో ముడిపడి ఉన్నవే. కాని థాయిలాండులో ఒక పక్షికి మాత్రము ఇది వరమైనది. మనము నత్తగుల్ల కొంగ అని పిలుచు పక్షియే అది. ముక్కు నడుమ సందు ఉండి, నత్తను గుల్లనుండి ఊడదీయుటలో ఆరితేరినది. ఈ నత్తలు పెరిగిన పిమ్మట ఆ దేశములో ఆ కొంగల సంఖ్య పెరిగినది. నత్తల పెరుగుదలకు కొంతవరకైన ఇది అడ్డు. కొంగలు వ్రాలు చెట్లను కొట్టనీయకుండుట పంచాయతీలు చేయదగిన పని.

మనుష్యుల ఆరోగ్యమునకు సంబంధించిన మాట ఒకటి. ఎలుకల ఊపిరితిత్తులలో నివసించు ఒక పురుగు తన బాల్యదశను నత్తలలో గడుపును. సరిగా ఉడకని నత్తమాంసము తిన్నవారికి ఆ పురుగు మెదడు పొరలకు చేరి వాపు కలిగించును. 2006లో చైనా రాజధాని బీజింగ్‌లో ఒక భోజనశాలలో ఈ నత్తమాంసము తిని నూరుమందికి పైగా ఆ వ్యాధికి లోనైనారు. నత్తను తినుట నేరము కాదు. ఫిలిప్పీన్సువారు కొబ్బరిపాలలో వండుకొని తిందురు. బాగుగా ఉడకవలెను. పచ్చి నత్తలను చేతితో పట్టినవారు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

ఇదంతయు వ్యవసాయ శాఖవారికి చెప్పక మీకు ఏల చెప్పుచున్నామని మీరు అడుగవచ్చును. కారణము నీరు. ఒక రైతు తన ఎకరమును ఎంత శ్రద్ధగా ఏరినను, ఎగువ రైతు ఏరకున్నచో తూము తెరచిన ప్రతిసారియు క్రొత్త నత్తలు వచ్చి చేరును. తూము నోట సన్నని ఇనుప వల బిగింపవచ్చును. కాని చెత్త పేరుకొన్న వలను దినదినము శుభ్రపరుపకున్నచో నీరు పారదు, రైతు వలను ఊడదీసి గట్టున పెట్టును. ఎవరి వల వారిదైనచో ఇట్లే జరుగును. ఊరి పెద్ద బోదె మొదటనే ఒక వల ఉండి, దానిని శుభ్రపరచుటకు ఒక మనిషి వంతుగా ఉన్నచో పని నిలుచును. నాట్లు ఒకరివి జూన్‌లో, ఒకరివి ఆగస్టులో అయినచో నత్తకు రెండు మాసములు లేత నారు దొరకుచునే ఉండును. ఒక బోదె క్రింది రైతులందరు ఒకే వారములో నాటుకొన్నచో దాని విందు పదిహేను దినములతో ముగియును. ఇవి ఒక్కని చేత కాని పనులు. నీటి సంఘమువారును, పంచాయతీవారును కలిసి కూర్చుండి తేదీలు నిర్ణయింపవలసినవి.

నత్త ప్రవేశించు దారులు కూడ ఊరి చేతిలోనివే. పరిశోధకులు గుర్తించిన దారులలో నీటి ప్రవాహము ఒకటి మాత్రమే. తక్కినవి మనుష్యుల చేతులు: పెంపకమునకని తెచ్చుట, నారుతోను చేపపిల్లలతోను తెలియక మోయుట, అలంకారమునకు పెంచిన నత్తలను విసిగి చెరువులో పారవేయుట. మన పట్టణములలో రంగుచేపలు అమ్ము దుకాణములలో దక్షిణ అమెరికా తెగకు చెందిన పసుపుపచ్చని నత్తలు అమ్మకమునకు కనబడుచునే ఉన్నవి. గాజుతొట్టె పగిలిననాడు వాటిని ఊరిచెరువులో వదలిన పిల్లవాని తప్పు కాదు. వదలరాదని అతనికి ఎవరును చెప్పలేదు. బడిలో చెప్పింపుడు. చేపల చెరువు వేలము వ్రాతలో, బయటినుండి తెచ్చిన చేపపిల్లల నీటిని చెరువులో పోయక గట్టుకు దూరముగా నేలపై పోయవలెనని ఒక్క వాక్యము చేర్పింపుడు.

చివరగా గుర్తుల మాట. మన నత్తగుల్లను పొరపాటున శత్రువని చంపరాదు. ఆగ్నేయ ఆసియాలో క్రొత్త నత్త వచ్చిన చోట్ల స్థానిక నత్తగుల్లలు ఇప్పటికే తగ్గిపోయినవి. పైకి రెండును గుండ్రని గుల్లలే. గుల్ల మూతను వ్రేలితో నొక్కి చూడుడు. మన నత్తగుల్ల మూత సున్నపురాతి వలె గట్టిగా ఉండును. దక్షిణ అమెరికా నత్త మూత కొమ్ముతో చేసినట్లు పలుచగా ఉండి కొంచెము వంగును. గుల్లపై చుట్టుకును చుట్టుకును నడుమ లోతైన గాడి ఉండును. అంతకంటె తేలిక గుర్తు గ్రుడ్లు. మన నత్తగుల్ల గట్టు తడిమట్టిలో, మరుగు చోట, తెల్లని గ్రుడ్లు పెట్టును. నీటికి పైన, కాండమునకో గోడకో అంటి, బహిరంగముగా గులాబీ రంగు గుత్తి కనబడినచో అది మన నత్తది కాదు.

అట్టి గుత్తి కనబడిన దినమున, దానిలో కొంత భాగమును మూత గట్టిగాగల సీసాలో ఉంచి, కనబడిన బోదె పేరును, తేదీని కాగితముపై వ్రాసి సీసాకు అంటించి, మండల వ్యవసాయాధికారికి చేర్పుడు. మిగిలిన గ్రుడ్లను చేతికి సంచి తొడిగి అక్కడనే చిదిమివేయుడు. ఆ స్థలమునకు ఎగువను, దిగువను నూరేసి గజముల మేర గట్లను, తూము గోడలను, జమ్మును ఆ సాయంకాలమే నలుగురు మనుష్యులతో వెదకింపుడు. గ్రుడ్లు పగులుటకు పది పదిహేను దినములు పట్టును కావున, వారము గడచిన పిమ్మట అదే మేరను మరల ఒకసారి, ఆపైన వారమునకు ఇంకొకసారి వెదకింపవలెను.